జాంబీస్: గుర్తింపుకు నోచని బృందమా, ఒక్క ఆల్బమ్ బృందమా?

శ్రవణప్రియ (చర్చకు పెట్టినవారు):

ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో, ఇంకా బడికి వెళ్లే వయసులో ఉన్న కుర్రవాళ్లు 1961 ప్రాంతంలో పెట్టుకున్న జాంబీస్ బృందం గురించి ఈమధ్య రెండు మాటలు తరచుగా వింటున్నాను. వారి 1968 నాటి ఆల్బమ్ ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ ఆ దశకపు గొప్ప ఆల్బమ్‌లలో ఒకటన్నది మొదటిది. అది తప్ప ఆ బృందం చేసింది పెద్దగా ఏమీ లేదన్నది రెండోది. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట వల్లనే ఈ బృందానికి ఇప్పటికీ దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

కీబోర్డు మీద రాడ్ ఆర్జెంట్, గాయకుడు కాలిన్ బ్లన్‌స్టోన్, బేస్ గిటార్ మీద క్రిస్ వైట్, గిటార్ మీద పాల్ అట్కిన్‌సన్, డ్రమ్స్ మీద హ్యూ గ్రండీ: ఈ ఐదుగురూ 1964లో ఒక పోటీలో గెలిచి డెక్కా అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ జూలైలో వచ్చిన వారి మొదటి రికార్డు (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు) ‘షీ ఈజ్ నాట్ దేర్’ అమ్మకాల జాబితాల్లో బ్రిటన్‌లో 12వ స్థానానికీ, అమెరికాలో 2వ స్థానానికీ చేరింది. ఆ పాట రాసిన ఆర్జెంట్‌కు అప్పుడు 19 ఏళ్లు. మరుసటి ఏడాది ‘టెల్ హర్ నో’ అమెరికాలో 6వ స్థానం దాకా వెళ్లింది గానీ, స్వదేశంలో 42 దగ్గరే ఆగిపోయింది. ఆపైన ఇంగ్లండ్‌లో వారి రికార్డు ఏదీ జాబితా ఎక్కలేదు. వినేవారు లేకపోయినా 1965, 66 సంవత్సరాల్లో వారు విడుదల చేసిన ‘వెనెవర్ యూ ఆర్ రెడీ’, ‘ఈజ్ దిస్ ద డ్రీమ్’, ‘ఇండికేషన్’ వంటి పాటలు వింటే, అప్పటి ప్రసిద్ధ బృందాల పాటల ముందు అవి ఏ విధంగానూ తీసిపోవని నాకు అనిపిస్తుంది. మీరేమంటారు?

సందేహి:

శ్రవణప్రియ గారూ, 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే అమెరికా గౌరవ మందిరంలో చోటు సంపాదించిన బృందాన్ని, 2012లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఆల్బమ్‌ల జాబితాలో 100వ స్థానం పొందిన బృందాన్ని గుర్తింపు లేనిదని ఎలా అనగలం? ఆ ఆల్బమ్‌లోని ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ పాట వినిపించని అరవైల నాటి సంకలనం ఒక్కటైనా ఉందా? పాప్ చరిత్ర రాసేవారికి తమ అభిరుచి ఎదుటివారి అభిరుచి కంటే సూక్ష్మమైనదని చాటుకోవడానికి ఇటువంటి బృందం ఒకటి ఎప్పుడూ కావాలి. నలభై ఏళ్లుగా జాంబీస్ ఆ పనికి ఉపయోగపడుతున్నారు.

ఇక రెండో మాట విషయానికి వస్తే, 1965లో ఇంగ్లండ్‌లో వెలువడిన వారి మొదటి ఆల్బమ్ ‘బిగిన్ హియర్’ను పక్షపాతం లేకుండా వినండి. అమెరికా నల్లజాతి గాయకుడు బో డిడ్లీ పాటను, మరో గాయకుడు మడ్డీ వాటర్స్ ప్రసిద్ధం చేసిన బ్లూస్ (అమెరికా నల్లజాతివారి జానపద శైలి) పాటను వారు పాడిన తీరులో, పరీక్షకు బాగా చదువుకుని వచ్చిన విద్యార్థి శ్రద్ధ తప్ప ఆవేశం ఎక్కడా కనబడదు. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్, యానిమల్స్ బృందాలు ఆ రకం పాటలను ఎలా పాడాయో పోల్చి చూడండి. ఆ ఆల్బమ్‌లో సగం ఇతరుల పాటలే అయినప్పుడు, ఒక్క ఆల్బమ్ బృందమనే మాట అంత అన్యాయమేమీ కాదు.

రెండో వైపు:

బ్లూస్ పాడలేకపోవడం గురించి సందేహి గారు అన్నదానితో ఏకీభవిస్తాను. అది వారి దారి కాదు. అయితే వారి దారి ఏదో మొదటి రికార్డులోనే తేటతెల్లంగా ఉన్నది కనుక, కీబోర్డు వాయించేవాడిగా ఆ పాట గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

‘షీ ఈజ్ నాట్ దేర్’ చరణం ఎ మైనర్, డి మేజర్ అనే రెండు కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) మధ్య ఊగుతుంది. మన చెవికి ఆ రెండు కార్డులూ కలిసి ఖరహరప్రియ రాగ ఛాయనిస్తాయి. అంతలోనే మరో కార్డు వచ్చి చతుశ్రుతి ధైవతాన్ని (‘ద’ స్వరపు పై రూపాన్ని) కింది రూపమైన శుద్ధ ధైవతంగా మార్చేస్తుంది, ఆ వెంటనే మళ్లీ పాత స్వరం తిరిగి వస్తుంది. పాట చెబుతున్నది ఒక నమ్మకద్రోహం గురించి కాబట్టి, ఒకే స్వరం ఇలా రెండు ముఖాలు చూపడం వింటున్నప్పుడు ఏదో నిలకడ లేనితనం మనసుకు పడుతుంది, దాని కారణం మాత్రం వెంటనే అందదు. 1964లో రేడియోలో వినిపించే పాటల్లో ఎక్కువ భాగం మూడు మేజర్ కార్డులతో, గిటార్ల మోతతో సాగుతున్నాయి. ఇక్కడ గిటార్ దాదాపు వెనక్కి తప్పుకున్నది. ముందు నిలబడినది హోనర్ పియానెట్ అనే ఎలక్ట్రిక్ పియానో. లోపల ఉక్కు రేకులను జిగురు మెత్తలు అంటుకుని లాగి వదిలే యంత్రం అది, అందుకే దాని నాదం గంటలా మోగదు, కొంచెం పొడిగా, మందంగా ఉంటుంది. ఆర్జెంట్ దాని మీద వాయించిన ఏకవాద్య భాగంలో జాజ్ అభిమానం స్పష్టంగా తెలుస్తుంది. గ్రండీ కూడా తాళం ప్రతి మాత్ర మీదా దెబ్బ వేయకుండా, కొన్నింటిని ఖాళీగా వదిలి, వైట్ బేస్ గిటార్‌తో సర్దుకుంటూ వాయించాడు.

వీటన్నిటి మీదా బ్లన్‌స్టోన్ గొంతు. ఊపిరి శబ్దం వినిపించే ఆ గొంతు కోపాన్ని కూడా గుసగుసగానే చెబుతుంది. ‘ద వే ఐ ఫీల్ ఇన్‌సైడ్’ అనే చిన్న పాటలో చాలాసేపు వాద్యమే లేకుండా ఆ గొంతు ఒంటరిగా నడుస్తుంది, చివర్లో ఆర్గన్ వచ్చి కలుస్తుంది. అరవైల మధ్యలో అంతటి నిశ్శబ్దాన్ని రికార్డు మీద పెట్టే ధైర్యం ఎంతమందికి ఉన్నది?

సందేహి:

పాట నిర్మాణం గురించి మీరు చెప్పినది విన్నాక, ఆ పాటను మళ్లీ విన్నాను. ధైవతం మాట నిజమే. అయినా నా ప్రశ్న మిగిలే ఉన్నది. అంత బాగున్న బృందం వరుసగా విడుదల చేసిన రికార్డులను ఇంగ్లండ్ జనం ఎందుకు కొనలేదు? ప్రతిసారీ కంపెనీని నిందించడం అభిమానులకు సులువైన దారి. ఆ పాటల్లోనే జనాన్ని ఆకట్టుకోని గుణం ఏదో ఉండి ఉండవచ్చు కదా.

విశాఖ శ్రోత:

ఈ విషయంలో జమాఖర్చులు కొంత చూడాలి. ఆర్జెంట్, వైట్ పాటలు రాసేవారు కాబట్టి, రికార్డు అమ్ముడుపోయినా, రేడియోలో వినిపించినా, మరొకరు పాడినా వారికి రచయితల రాయల్టీ వచ్చేది. మిగిలిన ముగ్గురికి దిక్కు కచేరీల ఆదాయమే. రికార్డు జాబితాలో లేకపోతే కచేరీలు తగ్గుతాయి, తగ్గితే ముగ్గురి జేబులు ఖాళీ అవుతాయి. 1967 డిసెంబరులో బృందం విడిపోవడానికి వెనుక కళాత్మక విభేదాల కంటే ఈ లెక్కే బలంగా పనిచేసింది. అట్కిన్‌సన్ పెళ్లి చేసుకోబోతున్నాడు. బ్లన్‌స్టోన్ అయితే విడిపోయిన తర్వాత ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగంలో చేరాడు!

డెక్కా రోజుల్లో వారి రికార్డుల నిర్మాత కెన్ జోన్స్. మొదటి పాటకు ఆయన చేసిన మేలు కాదనలేము గానీ, తర్వాతి పాటల మిక్సింగ్ (రికార్డు చేసిన గొంతులను, వాద్యాలను పాళ్లు చూసి కలిపే పని) తమకు నచ్చిన విధంగా లేదన్న అసంతృప్తి ఆర్జెంట్, వైట్‌లలో పెరిగింది. 1967లో వారు సి.బి.ఎస్. కంపెనీకి మారి, తమ ఆల్బమ్‌ను తామే నిర్మించుకునే అవకాశం అడిగి తీసుకున్నది అందుకే. ఇచ్చిన సొమ్ము సుమారు వెయ్యి పౌండ్లు. బీటిల్స్ బృందం తమ ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ ముగించి వెళ్లిన కొద్ది వారాలకే, జూన్‌లో, అబ్బే రోడ్ స్టూడియోలో పని మొదలైంది. కొంత భాగం ఒలింపిక్ స్టూడియోలో జరిగింది. స్టూడియో సమయం ఖరీదైనది కనుక పాటలన్నీ ముందే సాధన చేసి, లోపలికి వెళ్లగానే రికార్డు చేసేవారు. తీగవాద్యాల బృందాన్ని పిలిపించే స్తోమత లేని చోట మెలోట్రాన్‌తో సరిపెట్టుకున్నారు. ఆ వాద్యంలో ఒక్కొక్క మెట్టు నొక్కితే, ముందే రికార్డు చేసి ఉంచిన టేపు ముక్క కొన్ని క్షణాల పాటు మోగుతుంది. అది బీటిల్స్‌లోని జాన్ లెనన్ అక్కడ వదిలి వెళ్లిన వాద్యమని ఆర్జెంట్ చాలా చోట్ల చెప్పాడు. అంతా అయ్యాక కంపెనీ రెండు స్పీకర్లకు విడదీసిన స్టీరియో మిక్స్ కూడా కావాలన్నది. డబ్బు అయిపోయింది. ఆర్జెంట్, వైట్ తమ రాయల్టీ సొమ్ములోంచి 200 పౌండ్లు తీసి ఆ పని పూర్తి చేయించారు.

1968 ఏప్రిల్‌లో ఆల్బమ్ ఇంగ్లండ్‌లో వెలువడేసరికి దాన్ని వేదిక మీద వినిపించడానికి బృందమే లేదు. రికార్డు అమ్ముడుపోలేదు. అమెరికాలో కొలంబియా అనే రికార్డు కంపెనీలో పనిచేస్తున్న ఆల్ కూపర్ అనే సంగీతకారుడు పట్టుబట్టకపోతే అక్కడ విడుదలే అయ్యేది కాదు. విడుదలయ్యాక, 1969 మొదట్లో ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అమెరికాలో 3వ స్థానానికి చేరింది. అసలు బృందం తిరిగి కలవడానికి ఒప్పుకోకపోవడంతో, కొందరు వ్యాపారులు జాంబీస్ పేరుతో నకిలీ బృందాలను అమెరికా అంతటా తిప్పారు. టెక్సస్‌లో తయారైన నకిలీ బృందంలో డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్ ఉన్నారు. తర్వాత జీజీ టాప్ అనే రాక్ బృందంతో పేరు తెచ్చుకున్న ఇద్దరూ వారే. జనాన్ని ఆకట్టుకోని గుణం పాటల్లోనే ఉంటే, లేని బృందానికి నకిలీలు ఎందుకు పుడతాయి, సందేహి గారూ?

సందేహి:

నకిలీల వాదన బాగుంది, ఒప్పుకున్నాను. కానీ ఒక్క పాట విజయం వల్ల పుట్టిన నకిలీలు ఆ ఒక్క పాట గొప్పతనానికే సాక్ష్యం. పైగా ఆ కొలంబియా కంపెనీయే ఆ ఆల్బమ్ నుంచి విడిగా విడుదల చేసిన పాటల్లో ఒకటి ‘బుచర్స్ టేల్’. మొదటి ప్రపంచయుద్ధంలో పడమటి యుద్ధరంగంలో చిక్కుకుపోయిన కసాయివాడి గోడు అది. దాన్ని పాప్ రికార్డుగా అమ్మవచ్చునని తలచినవారిని ఏమనాలి? వియత్నాం యుద్ధకాలం కనుక అతుకుతుందని భావించి ఉంటారు.

రెండో వైపు:

అమ్మకం సంగతి పక్కనపెడితే, ఆ పాట మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. వణికిపోతున్న గొంతుతో పాడినది బ్లన్‌స్టోన్ కాదు, రాసిన క్రిస్ వైట్. తోడుగా ఉన్నది కాళ్లతో తిత్తులు తొక్కే పాత ఆర్గన్, అంటే మన పద్యనాటకాల వేదిక పక్కన హార్మోనిస్టు వాయించే కాలి హార్మోనియానికి దగ్గరి చుట్టం. డ్రమ్స్ లేవు, గిటార్ లేదు. ఆ ఆల్బమ్‌లో దాని తర్వాత వచ్చే పాట ‘ఫ్రెండ్స్ ఆఫ్ మైన్’. అందులో రచయిత తన స్నేహితుల జంటల పేర్లు వరుసగా వంతపాటగా పాడిస్తాడు. యుద్ధభూమి నుంచి నేరుగా పెళ్లివిందుకు తీసుకుపోయినట్లుండే ఈ అమరిక కావాలని చేసినదో కాదో గానీ, నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

మొదటి పాట ‘కేర్ ఆఫ్ సెల్ 44’ ఇంకా విచిత్రమైనది. అంత హుషారైన బాణీ వింటే ప్రియురాలు ఊరి నుంచి తిరిగి వస్తున్నదేమో అనుకుంటాము. ఆమె వస్తున్నది జైలు నుంచి. ఆర్జెంట్ దాన్ని ఉత్తరం రూపంలో రాశాడు. నడుమ వాద్యాలు ఆగిపోయి గొంతులు మాత్రమే మిగిలే చోట, సెయింట్ ఆల్బన్స్ కెథడ్రల్ బృందగానంలో అతను చిన్నప్పుడు పాడిన అనుభవం తెలిసిపోతుంది.

శ్రవణప్రియ:

రెండో వైపు గారు వైట్ ప్రస్తావన తెచ్చారు కనుక, నా వాదాన్ని ఇంకొంచెం నిర్దిష్టంగా చెబుతాను. ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’లోని 12 పాటల్లో ఆర్జెంట్ రాసినవి 5, వైట్ రాసినవి 7. ‘బీచ్‌వుడ్ పార్క్’, ‘బ్రీఫ్ కాండిల్స్’, ‘దిస్ విల్ బి అవర్ ఇయర్’ వైట్ పాటలే. కానీ పెద్ద విజయాలు మూడూ ఆర్జెంట్‌వి కావడం వల్ల, వ్యాసాల్లో వైట్ పేరు ‘బేస్ గిటార్ వాయించినవాడు’గానే మిగిలిపోతున్నది. మొదటి రికార్డు రెండో వైపున ఉన్న ‘యూ మేక్ మీ ఫీల్ గుడ్’ కూడా అతని రచనే.

సందేహి గారు ఒక్క ఆల్బమ్ అంటున్నారు. 1965లో ‘వెనెవర్ యూ ఆర్ రెడీ’ వెనుక వైపున వేసి వదిలేసిన వైట్ పాట ‘ఐ లవ్ యూ’ను 1967లో జపాన్‌లో కార్నబీట్స్ బృందం జపనీస్ మాటలతో పాడి గెలిచింది. 1968లో అమెరికాలో పీపుల్ అనే బృందం అదే పాటతో 14వ స్థానానికి వెళ్లింది. అంటే రచయిత సొంత బృందం పట్టించుకోని పాట, ఆల్బమ్‌తో ఏ సంబంధమూ లేకుండా, రెండు దేశాల్లో ఇతరులకు విజయం తెచ్చిపెట్టింది.

సందేహి:

ఈ ‘ఐ లవ్ యూ’ సంగతి నా లెక్కలో లేదు. దీన్నిబట్టి బృందానికి గుర్తింపు లేదనే వాదన కంటే, క్రిస్ వైట్ అనే రచయితకు గుర్తింపు లేదనే వాదన బలంగా కనిపిస్తున్నది. దాన్ని నేను ఒప్పుకుంటాను. బృందం విషయంలో మాత్రం నా మాట మీదనే ఉన్నాను: ‘బిగిన్ హియర్’లో ఆ బ్లూస్ పాటలు లేకపోతే మీ పని సులువయ్యేది.

విశాఖ శ్రోత:

అయితే ఒక్క సంగతి చేర్చి ఊరుకుంటాను. బృందం విడిపోయాక ఆర్జెంట్ తన పేరుతోనే కొత్త బృందం పెట్టాడు. 1972లో ఆ బృందం పాడిన ‘హోల్డ్ యువర్ హెడ్ అప్’ ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ 5వ స్థానానికి చేరింది. వేదిక మీద వైట్ లేడు. కానీ రికార్డు మీద రచయితల పేర్లు చూడండి: ఆర్జెంట్, వైట్. బీమా కార్యాలయం వదిలి వచ్చిన బ్లన్‌స్టోన్ 1971లో ‘వన్ ఇయర్’ అనే ఆల్బమ్ పాడితే, దాన్ని నిర్మించినదీ వీరిద్దరే.