విద్యా గ్రాంట్లు చూసే హెడ్‌గా ఎవరుండాలి: బడిలో పనిచేసినవాళ్లా, మేనేజ్‌మెంట్ నుంచి వచ్చినవాళ్లా?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. నేను రిటైర్డ్ హెచ్ఎంని. ఒక కుటుంబ ఫౌండేషన్‌లో ట్రస్టీగా ఉన్నాను. ఏడాదికి 4 కోట్ల దాకా బడులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లుగా ఇస్తాం. ఇన్నాళ్లూ ట్రస్టీలమే కూర్చుని ప్రపోజల్స్ చదివి సంతకాలు పెట్టేవాళ్లం. ఇక మా వల్ల కావడం లేదు, ఒక హెడ్‌ను పెట్టుకుంటున్నాం. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకావిడ 19 ఏళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత టీచర్ల శిక్షణలోకి వచ్చారు. రెండో ఆయన ఎంబీఏ. కన్సల్టింగ్ చేసి, ఐదేళ్లుగా వేరే ఫౌండేషన్‌లో గ్రాంట్లు చూస్తున్నారు.

నా ఓటు ఆవిడకే. ఎందుకో చెబుతాను. రెండేళ్ల కిందట మేం ట్యాబ్‌లకు డబ్బిచ్చిన ఒక బడికి వెళ్లాను. మూడో తరగతి పిల్లలు 92 శాతం అభ్యాసాలు పూర్తి చేశారని రిపోర్టు. వెనక బెంచీలో కూర్చుని చూస్తే, నా పక్కనున్న అబ్బాయి ఆకుపచ్చ రంగు వచ్చేదాకా ఒక్కో జవాబూ నొక్కుకుంటూ పోతున్నాడు. ట్యాబ్ పక్కన పెట్టించి పలక మీద 42 లోంచి 17 తీసెయ్యమన్నాను. 35 అని రాశాడు. 7 లోంచి 2, 4 లోంచి 1 తీశాడన్నమాట, ఎటు తీయాలో వాడికి తెలియదు. పాఠం చెప్పినవాళ్లకు ఆ 35 చూడగానే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. రిపోర్టులో మాత్రం ఆ అబ్బాయి 92 శాతంలో ఒకడు.

పట్టిక:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ బడి కళ్లకు కనపడనివి కూడా ఉంటాయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలైన పెద్ద అధ్యయనం ఒకటుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపారు. ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించాయి. 5 జిల్లాల్లో 500 పల్లె బడులు తీసుకుని, వాటిలో కొన్నింటికి పిల్లవాడికి ఏడాదికి 125 రూపాయల చొప్పున గ్రాంటు ఇచ్చారు. నోటుబుక్కులు, వర్క్‌బుక్కులు, చార్టులు, ఇలా పిల్లలు నేరుగా వాడే వాటికే ఖర్చు పెట్టాలని షరతు.

మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాదీ డబ్బు అంతే వచ్చింది, పిల్లలకు అంతే అందింది. అయినా అదనపు లాభం కనపడలేదు. కారణం ఇంటి దగ్గరుంది. బడిలో ఇస్తున్నారని తెలిశాక తల్లిదండ్రులు చదువు మీద తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు, మిగిలిన డబ్బు ఇంటి అవసరాలకు వాడుకున్నారు. కానీ ఈ సంగతి తరగతిలో కూర్చున్న ఏ హెచ్ఎంకైనా తెలిసేదా? పోల్చి చూడటానికి గ్రాంటు అందని బడులుండి, ఇంటింటికీ వెళ్లి ఖర్చులు అడిగితేనే తెలిసింది. 4 కోట్లు పంచే మనిషికి ఇలా అడిగే అలవాటు ఉండాలి. నా ఓటు రెండో ఆయనకు.

సుద్దముక్క:
పట్టిక గారూ, ఆ సర్వే చేయడం ఎకనామిస్టుల పని. హెడ్ చేయాల్సింది వాళ్లను పిలిపించడం. ఆ పని టీచరమ్మ చేయలేరని ఎందుకనుకుంటున్నారు? నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచరుని. మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులు ఒకే గదిలో. మూడేళ్లలో నాలుగు సంస్థలు మా బడికొచ్చాయి. ఒక్కొక్కళ్లకీ ఒక్కో రిజిస్టరు, ఒక్కో యాప్, పని మొదలుపెట్టే ముందు ఒక్కో బేస్‌లైన్ టెస్టు. ఒకరు వచ్చి పిల్లలను గ్రూపులుగా కూర్చోబెట్టమంటారు, ఇంకొకరు వచ్చి వరసల్లో పెట్టి ఫొటో తీస్తారు. వీటికి డబ్బిచ్చినవాళ్లు ఒక్కరైనా బడిలో పనిచేసి ఉంటే, ‘ఇప్పటికే ఇక్కడ ఏం నడుస్తోంది?’ అని ముందు అడిగేవాళ్లు.

మన్యం_అక్క:
పాడేరు వైపు మాతృభాష మీద పనిచేసే చిన్న సంస్థ మాది. నేను అడిగేవైపు మనిషిని కాబట్టి ఆ బాధ కూడా వినండి. మా ఊళ్లలో పిల్లలు ఒకటో తరగతికి వచ్చేనాటికి ఇంట్లో కువి అనే ఆదివాసీ భాష మాట్లాడతారు, లేదా ఆదివాసీ ఒడియా. తెలుగు రాదు. మా వలంటీర్లు ఆ ఊరివాళ్లే. ముందు ఇంటి భాషలో కథ చెప్పి, పాట పాడించి, మెల్లగా తెలుగు అక్షరాలకు తీసుకొస్తారు. మొదటి ఏడాది చివర్లో తెలుగు చదివించి టెస్టు పెడితే మా పిల్లలు వెనకే ఉంటారు. రెండో ఏడాది దాటాకే తేడా తెలుస్తుంది.

మాకు వచ్చే గ్రాంటేమో ఒక ఏడాదిది. రెన్యువల్ ఉంటుందో లేదో ఏప్రిల్ వచ్చినా తెలియదు. జూన్‌లో జీతం వస్తుందన్న నమ్మకం లేక వలంటీరు విశాఖపట్నంలో షాపు పనికి వెళ్లిపోతుంది. రెండేళ్లు నేర్చుకున్న పని ఆమెతోనే పోతుంది. మళ్లీ కొత్తమ్మాయిని వెతికి మొదటి నుంచీ నేర్పించాలి. మా దగ్గరికి బడి నుంచి వచ్చిన ప్రోగ్రామ్ ఆఫీసర్లూ వచ్చారు, ఎంబీఏలూ వచ్చారు. అందరూ మంచివాళ్లే. అందరి చేతిలోనూ అదే ఒక ఏడాది ఎంఓయూ, అంటే ఒప్పంద పత్రం.

ఇంకోటి. సీఎస్ఆర్ వాళ్లు, అంటే సామాజిక బాధ్యత కింద డబ్బిచ్చే కంపెనీలవాళ్లు, ‘5 శాతం కంటే ఎక్కువ అడ్మిన్ ఖర్చు ఇవ్వం, రూల్ అది’ అంటారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు పెట్టింది, మాలాంటి సంస్థల జీతాలకు కాదు. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’గా నడపడానికీ చట్టం ఒప్పుకుంటుంది. అయినా మార్చి వచ్చేసరికి హడావుడిగా బెంచీలు, స్మార్ట్ బోర్డులు కొని పంచేస్తారు. మాస్టారూ, మీది కుటుంబ ట్రస్టు. మీకు ఆ తొందర కూడా లేదు కదా.

సియాటిల్_వాన:
మన్యం అక్క మాటకు ఇక్కడి అనుభవం కలుపుతాను. మా ఊళ్లోనే ఉన్న గేట్స్ ఫౌండేషన్ 2000 ప్రాంతం నుంచి అమెరికాలో పెద్ద హైస్కూళ్లను చిన్న బడులుగా మార్చడానికి దాదాపు 200 కోట్ల డాలర్లు పెట్టింది. అప్పుడు విద్యా విభాగం చూసిన టామ్ వాండర్ ఆర్క్ వ్యాపార రంగం నుంచి వచ్చి, ఒక స్కూల్ డిస్ట్రిక్టుకు సూపరింటెండెంట్‌గా, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటికీ అధికారిగా చేసిన మనిషి. అనుకున్న ఫలితాలు చాలా బడుల్లో రాలేదని 2009 వార్షిక లేఖలో బిల్ గేట్స్ స్వయంగా రాశారు. ఫౌండేషన్ అటునుంచి టీచర్ల వైపు తిరిగింది.

ఆ దశలో విభాగాన్ని నడిపింది విక్కీ ఫిలిప్స్. మాస్టారు కోరుకునే మనిషే: స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరుగా మొదలై, పెన్సిల్వేనియా విద్యాశాఖ, పోర్ట్‌లాండ్ బడులు చూసి వచ్చారు. టీచర్లకు రేటింగ్ ఇచ్చి, దాన్నిబట్టి శిక్షణ, జీతం, ప్రమోషన్ ఇచ్చే పథకం 2009 నుంచి 2016 దాకా నడిచింది. మొత్తం ఖర్చు 57.5 కోట్ల డాలర్లు, అందులో ఫౌండేషన్ ఇచ్చింది సుమారు 21 కోట్లు. పిల్లల చదువులో ఆశించిన మార్పు రాలేదని 2018లో రాండ్ అనే పరిశోధన సంస్థ తేల్చింది. ఒకరు వ్యాపారం నుంచి, ఒకరు బడి నుంచి. ఇద్దరి విషయంలోనూ అనుకున్నది జరగలేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. ఫౌండేషన్ చిన్న బడులను వదిలేసి అటు తిరిగాక, 2010లో ఎండీఆర్సీ అనే పరిశోధన సంస్థ న్యూయార్క్ నగరంలోని చిన్న బడుల మీద రిపోర్టు ఇచ్చింది. సీట్లు లాటరీలో ఇచ్చారు కాబట్టి వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ సరిగ్గా పోల్చగలిగారు. చిన్న బడుల్లో చేరినవాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు దాదాపు 7 శాతం పాయింట్లు ఎక్కువ. అంటే ఒకచోట పని జరిగింది. ఎందుకు అక్కడ జరిగి మిగతాచోట్ల జరగలేదో నిలబడి తెలుసుకోవాల్సిన సమయంలోనే పెద్ద డబ్బు వేరే దారి పట్టింది.

సుద్దముక్క:
సూపరింటెండెంట్ వేరు, రోజూ సుద్దముక్క పట్టేవాళ్లు వేరు కదండీ. టీచరుకు నంబరు వేసి జీతం ముడిపెడితే స్టాఫ్‌రూమ్‌లో ఏమవుతుందో మమ్మల్ని అడిగితే ముందే చెప్పేవాళ్లం.

పట్టిక:
నేను చెప్పిన ఆంధ్ర అధ్యయనంలోనే, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చిన బడులూ ఉన్నాయి. రెండేళ్లలో ఆ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావాళ్లకంటే ముందుకెళ్లారు. కాబట్టి ‘టీచర్లకు ముందే తెలుసు’ అనడం కూడా కుదరదు. కానీ సియాటిల్ గారు చెప్పిన న్యూయార్క్ సంగతి నన్ను ఆపేసింది. కొలత వచ్చేదాకా ఆగలేని ఫౌండేషన్‌లో కొలిచే మనిషిని పెట్టి ఏం లాభం? నా ఓటు వెనక్కి తీసుకోవడం లేదు గానీ, ముందు ఆ హెడ్‌కు ఎన్నేళ్లు ఇస్తున్నారో చెప్పండి మాస్టారూ.

గోదావరిగట్టు:
రెండేళ్ల కాంట్రాక్టు అని రాసుకున్నాం. మీ మాటలు చదివాక ఆ కాగితం మళ్లీ తీశాను. రెండేళ్లలో వెళ్లిపోయే మనిషి మన్యం అక్కకు మూడేళ్ల మాట ఎలా ఇస్తారు? ఇన్నాళ్లూ సంతకం పెట్టింది నేనే కాబట్టి, ఆ ఏడాది ఎంఓయూల్లో నా భాగమూ ఉంది. వచ్చే మీటింగులో రెండు విషయాలు పెడతాను. హెడ్‌కు ఐదేళ్లు. గ్రాంటు కనీసం మూడేళ్లు, మానేయాలంటే ఏడాది ముందే చెప్పి, కారణం రాసి సంస్థకు ఇవ్వాలి. దీనికి మిగతా ట్రస్టీలు ఒప్పుకోకపోతే ఇద్దరిలో ఎవరిని తీసుకున్నా ఒకటే అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒప్పుకుంటే మాత్రం ఇద్దరినీ అదే ట్యాబ్‌ల బడికి ఒక రోజు పంపిస్తాను. సాయంత్రం ఏం చూశారో రెండు పేజీలు రాసిమ్మంటాను. ఆ 35 వేసిన అబ్బాయి ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్నాడు.

మన్యం_అక్క:
బస్సులో వెళ్లమనండి మాస్టారూ. కారు ఆగిందంటే ఆ రోజు పాఠం మారిపోతుంది.

గోదావరిగట్టు:
సరేనమ్మా. ఉదయం ఏడున్నరకు ఆర్టీసీ బస్సుంది, అందులోనే వెళ్లమంటాను.