షుగర్ పేషెంట్ల రెటీనా స్క్రీనింగ్: చీటీ రాసిచ్చినా పెద్దాసుపత్రికి వెళ్లడం లేదు, ఏం చేయాలి?

మార్కాపురం_వాలంటీర్:
అందరికీ నమస్కారం. మార్కాపురం పక్క మండలంలో షుగర్ ఉన్న 200 మందికి రెటీనా (కంటి వెనకపొర) స్క్రీనింగ్ పెడుతున్నాం. ఆ పొరను ఫోటో తీసే ఫండస్ కెమెరా ఉంది, కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు వస్తారు. పోయినసారి రిఫర్ చేసినవాళ్లలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కలేదు. "కంటి వెలుగులో చూపించుకున్నాం, అద్దాలిచ్చారు, బాగానే కనపడుతోంది" అంటారు. ఎక్కువమంది కూలీలు, అందులోనూ ఆడవాళ్లు. ఎక్కడ సరిదిద్దుకోవాలి?

ఆప్టో_గుంటూరు:
ముందు ఆ చీటీ సంగతి చూడండి. "డీఆర్ ప్లస్, రిఫర్" అని రాసిస్తే ఎవరికి అర్థమవుతుంది? డీఆర్ అంటే డయాబెటిక్ రెటినోపతి, షుగర్ వల్ల రెటీనా దెబ్బతినే జబ్బు. ఫోటో అక్కడే స్క్రీన్ మీద పెద్దది చేసి నెత్తురు చుక్కలు చూపించండి. ఈ జబ్బుకి నొప్పి ఉండదు, చూపు కూడా చాలాకాలం తగ్గదు. అద్దాలొచ్చాక కళ్ల పని అయిపోయిందనుకోవడంలో వాళ్ల తప్పేం లేదు.

కెమెరా దగ్గర జరిగేది ఇంకోటి. గది బాగా చీకటిగా ఉండాలి. కుడి కంటికి ఫ్లాష్ పడితే ఎడమ కనుపాప కూడా ముడుచుకుంటుంది, కాసేపు చీకట్లో కూర్చోబెట్టాకే రెండో ఫోటో తీయాలి. పెద్దవాళ్లకు శుక్లం వల్ల మసకగా వస్తే దాన్ని నార్మల్‌లో వేసేస్తుంటారు. అలా చేయొద్దు. కనుపాప పెద్దదయ్యే చుక్కలమందు వేసి మళ్లీ తీయండి, అప్పటికీ రాకపోతే రిఫర్ చేయాల్సిందే.

మార్కాపురం_వాలంటీర్:
బీపీ ఉన్నవాళ్లకు ఆ చుక్కలు వేయొచ్చా అండి?

ఆప్టో_గుంటూరు:
ట్రోపికామైడ్ ఒక్కటే ఉన్నవి తెప్పించండి, ఫినైలెఫ్రిన్ కలిసినవి వద్దు, అది బీపీ పెంచొచ్చు. వేసేముందు టార్చి పక్కనుంచి కొట్టి కంటి ముందుగది (నల్లగుడ్డు ముందున్న ఖాళీ) లోతు తక్కువగా ఉందేమో చూడాలి. నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు. పొద్దున పెడితే ఆ రోజు కూలి పోయినట్టే, అందుకని సాయంత్రం నాలుగు తర్వాత పెట్టండి. బండి నడపొద్దని కూడా చెప్పండి.

రెటీనా_డాక్టర్:
2022లో వచ్చిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 40 దాటిన షుగర్ వాళ్లలో 12.5 శాతానికి రెటినోపతి, 4 శాతానికి చూపు పోయే దశ ఉన్నాయి. ఆ లెక్కన మీ 200 మందిలో ఒక 25 మందికి జబ్బు, ఎనిమిది మందికి తొందరగా వైద్యం. ఆ ఎనిమిది మందికి ఒక బండి ముందే మాట్లాడుకోండి.

అసలు తేడా ఆసుపత్రికి వెళ్లాక వస్తుంది. మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపుకి ఇంజెక్షన్లు మొదట నెలనెలా వేయాలి. ఒకటి వేయించుకుని మానేస్తే వాపు మళ్లీ వస్తుంది. చూపు మరీ తగ్గని కంటికి బెవాసిజుమాబ్ అనే చవక ఇంజెక్షన్ ఖరీదైన అఫ్లిబెర్సెప్ట్‌తో సమానంగానే పనిచేస్తుంది కాబట్టి డబ్బు లేనివాళ్లు ఆ మందు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టిన దశలో మాత్రం, మళ్లీ వస్తారన్న నమ్మకం లేని పేషెంటుకు నేను లేజరే చెప్తాను: రెటీనా మీద 1200 నుంచి 1600 లేజర్ మచ్చలు, రెండు మూడు సిట్టింగులు. ఇంజెక్షన్ల మీదే ఉండి మధ్యలో ఆగిపోయినవాళ్లలో రెటీనా ఊడిపోవడం ఎక్కువ. లేజర్ ఉన్న చూపుని కాపాడుతుందే గానీ పెంచదు, రాత్రి చూపు కొంచెం తగ్గొచ్చు. ఇది ముందే చెప్పకపోతే "లేజర్ చేస్తే కళ్లు పోయాయి" అని ఊరంతా పాకుతుంది, ఇంకెవరూ రారు.

ఆరోగ్యమిత్ర_పాతకాపు:
బండి ఒక్కటే చాలదు డాక్టర్ గారూ. ఆడవాళ్లకు తోడు రావాలి, ఆ తోడు మనిషికీ కూలి పోతుంది. ఒకే వీధివాళ్లను జతచేసి పంపితే ఇద్దరికి ఒక తోడు సరిపోతుంది. బయలుదేరేముందు ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రకు ఫోన్ చేసి మూడు అడగండి: రెటీనా డాక్టర్ ఏ రోజు ఉంటారు, రాసిన చికిత్స పథకం కింద అక్కడ చేస్తారా, ఓసీటీ (రెటీనా పొరల) స్కాన్‌కు చేతినుంచి కట్టాలా. పథకం కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటే ఉన్నాయో లేదో ఊళ్లోనే చూసుకోండి. అక్కడికెళ్లాక ఆ తేడా బయటపడితే ఆ రోజు వెనక్కే.

ఇంకోటి, పిలవాల్సినవాళ్ల పేర్లు పీహెచ్‌సీ షుగర్ రిజిస్టర్‌లో ఉంటాయి. 104 బండి మాత్రలివ్వడానికి వచ్చినరోజు ఏఎన్ఎమ్ పక్కన కూర్చుని ఒక్కొక్కరికీ తేదీ చెప్పండి, మైకులో చాటించడం కంటే అది నయం.