అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ వాళ్లు లినక్స్‌కు మారవచ్చా?

బొబ్బిలిలో మాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు చేస్తాం. మా కంప్యూటర్లు విండోస్ 10 మీద నడుస్తున్నాయి. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మావి ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు, విండోస్ 11 వాటిని అధికారికంగా ఒప్పుకోదు. కొత్తవి కొనే స్తోమత ఇప్పుడు లేదు.

విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూశాను, బాగా నచ్చింది. యూనికోడ్ (ఏ ఒక్క ఫాంటుకూ కట్టుబడని ప్రామాణిక అక్షర సంకేతాలు) తెలుగు ఒత్తులు చెదరకుండా కనిపించింది. దుకాణానికి వచ్చేవాళ్ల పెన్‌డ్రైవ్‌లలో ఉండే వైరస్‌లు చాలావరకు విండోస్ కోసం రాసినవే కాబట్టి ఆ బెంగా తగ్గుతుంది.

అసలు చిక్కు పాత ఫైళ్లతోనే. అవన్నీ పేజీలు కూర్చే పాత విండోస్ ప్రోగ్రాం పేజ్‌మేకర్ 7లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో చేసినవి, యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ కూడా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. ఏటా అదే రసీదు పుస్తకం అడిగేవాళ్లు ఉన్నారు. ప్రతిదీ మళ్లీ టైపు చేస్తే మాకు గిట్టదు.

లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలను నడిపే వైన్ మీద పేజ్‌మేకర్, అను కీబోర్డు రెండూ కలిసి పనిచేస్తాయా? లేక మింట్‌లోనే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచేది) పెట్టి, ఇంటర్నెట్ ఇవ్వకుండా పాత విండోస్‌ను నడపడం మేలా? అందుకు 8 జీబీ ర్యామ్ సరిపోతుందా? లినక్స్‌లో పేజీలు కూర్చే ప్రోగ్రాం స్క్రైబస్‌లో తెలుగు శుభలేఖ చేసి అచ్చు వేయించినవారు ఉంటే, పీడీఎఫ్‌లో అక్షరాలు ఎలా వచ్చాయో దయచేసి చెప్పండి. విజయనగరం, పార్వతీపురం వైపు ఎవరైనా ఇలా మారి ఉంటే, వాళ్లు సరేనంటే స్వయంగా వచ్చి చూసుకుంటాను.