మంచు గొయ్యిలో ఆక్సిజన్-18 పడిపోతే చలికాలమేనా?

మంచుగొయ్యి:
నేపాల్ వైపు హిమాలయాల్లో ఒక హిమానీనదం మీద రెండు మీటర్ల గొయ్యి తవ్వి, ఐదేసి సెంటీమీటర్లకు ఒక శాంపిల్ తీశాం. ఆక్సిజన్-18 (నీటిలో కొద్దిగా ఉండే బరువైన రకం ఆక్సిజన్) బాగా పడిపోయిన చోట్లు మూడు వచ్చాయి. మూడు చలికాలాలు అనుకున్నాను. కానీ దుమ్ము చారలతో కుదరడం లేదు. దుమ్ము పడేది చలికాలం పోయాక, ఎండలు మొదలయ్యాక కదా, అంటే చలికాలపు మంచుకు పైన ఉండాలి. నా గొయ్యి గోడలో ప్రతి చారా ఆ పొరకు సరిగ్గా కిందే ఉంది! నాలుగు రోజులుగా ఇదే టెన్షన్.

పాతకోర్:
చారలు కరెక్టేనండీ, మీరు కాలాన్ని పొరబడ్డారు. చలి పెరిగితే బరువైన ఆక్సిజన్ తగ్గడం ధ్రువాల దగ్గర బాగా కుదిరే సూత్రం, డెన్మార్క్ శాస్త్రవేత్త డాన్స్‌గార్డ్ 1964లో వివరించింది అదే. రుతుపవనాల మంచు సంగతి వేరు. సముద్రం నుంచి కొండ దాకా మేఘం దారి పొడుగునా కురుస్తూనే వస్తుంది. బరువైనవి ముందే రాలిపోతాయి, పైకి చేరేది తేలికపడిన ఆవిరి. మీ మూడు పొరలూ వానాకాలానివి. మొదటి ఏడాది నేనూ ఇలాగే పొరబడి రిపోర్టు మొత్తం తిరగరాశాను.

చలిగాలి:
డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) కూడా కొలిచారా? దాని విలువలోంచి ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు తీసేయండి. అదే డ్యూటీరియం ఎక్సెస్. పడమటి గాలులు తెచ్చే చలికాలపు మంచులో ఎక్కువ, రుతుపవనాల మంచులో తక్కువ ఉంటుంది. సీసాలు నిండా నింపారు కదా? మేం ఒకసారి సగమే నింపాం, మూతలూ సరిగా బిగించలేదు. దారిలో కొంత ఆవిరై ఆక్సిజన్-18 పెరిగింది, ఎక్సెస్ పడిపోయింది. ఆ సీజన్ కష్టమంతా పోయింది, ఇప్పటికీ బాధే.

పాతకోర్:
కరిగిన నీరు కిందికి ఇంకినా పొరలు కలిసిపోతాయి. ఇంకా కరిగితే పొరలే మిగలవు. టిబెట్‌లోని నైమొనాన్యి హిమానీనదంలో 2006లో తీసిన కోర్‌లో (లోతుగా తొలిచి తీసే పొడవాటి మంచు కడ్డీ) 1962-63 నాటి అణుపరీక్షల రేడియోధార్మికత గుర్తే దొరకలేదు. తేదీ కోసం అందరూ వెతికే పొర అది. దాని పైన పడ్డ మంచు కూడా మిగల్లేదన్నమాట. ఆ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మంచుగొయ్యి:
లెక్క వేశాను. మూడు చోట్లా ఎక్సెస్ తక్కువే, వాటి మధ్య పొరల్లో ఎక్కువ. సీసాల్లో ఆవిరై ఉంటే ఆక్సిజన్-18 పెరగాలి, ఇక్కడ పడిపోయింది కాబట్టి ఆ అనుమానం లేదు. వానాకాలాలే! పైనున్న చార దగ్గర మాత్రం వేలెడు మందాన గట్టి మంచుగడ్డ ఉంది, కరిగి మళ్లీ గడ్డకట్టినట్టుంది. ఆ భాగంలో మిగిలిన ముక్కల్ని రెండేసి సెంటీమీటర్లకు కోసి మళ్లీ కొలుస్తాను.