పంపు సెట్టింగులు మనమే మార్చుకోవచ్చా, డాక్టరు చెప్పేదాకా ఆగాలా?

తొలికిరణం

పద్నాలుగేళ్లుగా టైప్ 1 మధుమేహం. ఇన్నాళ్లూ పెన్నుతోనే ఇంజెక్షన్లు. ఇన్సులిన్ పంపు పెట్టుకుని ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. ఇంజెక్షన్ల మీద ఉన్నప్పుడు రోజుకు 40 యూనిట్లు పట్టేవి. డాక్టరు గారు అందులో ఐదో వంతు తగ్గించి 32 అన్నారు. అందులో సగం బేసల్‌కు, అంటే తిండితో సంబంధం లేకుండా నిరంతరం అందే ఇన్సులిన్‌కు తీసి, రాత్రీపగలూ ఒకే ధారగా గంటకు 0.65 పెట్టారు. భోజనానికి 15 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్. షుగర్ పెరిగినప్పుడు దించడానికి వేసే డోసుకు (కరెక్షన్) ఒక యూనిట్‌కు 55 చొప్పున లెక్క.

పగలంతా బాగానే ఉంది. తెల్లవారుజామే నిలవడం లేదు. రాత్రి పదకొండుకు 120 ఉంటుంది, మూడింటికి లేచి చూస్తే 115, ఆరింటికి 190 లేదా 205. వారంలో ఐదు రోజులు ఇదే తీరు. మళ్లీ డాక్టరును కలవడానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది. నాలుగు నుంచి ఏడు వరకు గంటకు 0.85 చేద్దామని ఉంది. శిక్షణలో మాత్రం "సెట్టింగులు మీరు ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పారు. రోజూ 200తో నిద్ర లేస్తూ, ఆ అంకెను మార్చే మెనూ చేతిలోనే పెట్టుకుని ఎలా ఊరుకోవాలి? మీరంతా ఏం చేశారు?

శాంతివనం

ముట్టుకోకండి తల్లీ. పదకొండేళ్లుగా పంపు మీద ఉన్నవాడిగా చెబుతున్నాను.

రెండో వారంలో నేనూ మీలాగే ఆగలేకపోయాను. ఒకే రోజు మూడు మార్చాను: బేసల్ పెంచాను, భోజనం నిష్పత్తి బిగించాను, ఇన్సులిన్ పనిచేసే కాలాన్ని నాలుగు గంటల నుంచి రెండున్నరకు తగ్గించాను. ఆ మూడోదే నన్ను ముంచింది. అంతకుముందు ఇచ్చిన ఇన్సులిన్ ఒంట్లో ఇంకెంత మిగిలి ఉందో పంపు ఆ కాలాన్ని బట్టే లెక్కిస్తుంది. రెండున్నర గంటలకే అయిపోయిందని నేను దానికి చెప్పాను, అది నమ్మింది. ఇంకా పనిచేస్తున్న ఇన్సులిన్ మీద మరో కరెక్షన్ వేయమంది, దాని మీద ఇంకొకటి. రాత్రి ఒంటిగంటకు మా ఆవిడ లేపేసరికి దిండు చెమటతో తడిసిపోయి ఉంది. మీటరులో 41. గ్లూకోజ్ నోట్లో పెడితే మింగడానికి కూడా ఆలోచించుకోవలసి వచ్చింది. మర్నాడు ఆ మూడింటిలో ఏది తప్పో చెప్పమంటే చెప్పలేకపోయాను.

190తో నిద్ర లేస్తే పంతొమ్మిది రోజుల్లో ఏమీ కాదు. 41తో లేవకపోతే ఆ ఒక్క రాత్రి చాలు.

లెక్కలపంతులు

శాంతివనం గారి అనుభవాన్ని కాదనను, కానీ దాని నుంచి "ముట్టుకోవద్దు" అనే మాట ఎలా వస్తుంది? ఒకే రోజు మూడు ముట్టుకోవద్దు అని కదా రావాలి!

తొలికిరణం గారూ, మీ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. అందరికీ వాడే మొదటి లెక్క ప్రకారం 500ను మీ రోజు మోతాదు 32తో భాగిస్తే 15.6. అదే మీ భోజనం నిష్పత్తి. 1800ను 32తో భాగిస్తే 56. అదే మీ కరెక్షన్. 16ను 24 గంటలకు పంచితే 0.67, అదే మీ బేసల్. ఇవేవీ మీ ఒంటిని కొలిచి పెట్టినవి కావు, భాగహారంతో వచ్చినవి. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి దారి లేదు కాబట్టి ఎవరికైనా ఇలాగే పెడతారు. కొలత ఆ తరువాత మొదలవుతుంది. ఆ కొలిచే పని మూడు నెలలకోసారి ఇరవై నిమిషాలు కనిపించే డాక్టరుది ఎలా అవుతుంది? తెల్లవారుజామున మూడింటికి లేచి వేలు గుచ్చుకుని చూసింది మీరు.

1993లో వెలువడిన డీసీసీటీ (డయాబెటిస్ కంట్రోల్ అండ్ కాంప్లికేషన్స్ ట్రయల్) అధ్యయనం గుర్తుందా? షుగర్‌ను బిగువుగా అదుపులో ఉంచుకున్న టైప్ 1 వారిలో కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గింది. వారు చేసింది ఏమిటి? రోజుకు నాలుగైనా పరీక్షలు చేసుకుని, వాటిని బట్టి మోతాదు తామే సర్దుకున్నారు.

శాంతివనం

అదే అధ్యయనంలో రెండో సగం కూడా చెప్పండి మాస్టారూ. అలా బిగించిన వారికి తీవ్రమైన లో షుగర్ మూడింతలు ఎక్కువగా వచ్చింది. పైగా వారు నెలనెలా క్లినిక్‌కు వెళ్లారు, మధ్యలో తరచుగా ఫోనులో మాట్లాడారు. వెనక ఒక మనిషి ఉన్నాడు. ఈ అమ్మాయికి పంతొమ్మిది రోజులు ఎవరూ లేరు.

అమృతవల్లి

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, పంపు పెట్టి ఏడాదిన్నర. మొదటి నెలలో జరిగింది చెబుతాను.

రాత్రి పదకొండుకు 310. కరెక్షన్ ఇచ్చాను. ఒంటిగంటకు 325. మళ్లీ ఇచ్చాను. బేసల్ చాలడం లేదనుకుని అయిదో వంతు పెంచేశాను. మూడింటికి 340, వాడు కడుపు నొప్పి అని ముడుచుకుపోయాడు. కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) చూస్తే 1.6. అప్పుడు ఫోను చేస్తే అవతల నర్సు అడిగిన మొదటి మాట: "సెట్ తీసి చూశారా?" పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ తెచ్చే ఆ సెట్‌ను తీశాను. చర్మం కింద ఉండవలసిన ఆ మెత్తని గొట్టం కొస గాలంలా వంగి ఉంది. నేను ఇచ్చానని పంపు లెక్కలో ఉన్న ఇన్సులిన్ వాడి ఒంట్లోకి వెళ్లనే లేదు. పెన్నుతో వేసి, కొత్త చోట కొత్త సెట్ పెట్టాం. తెల్లారి ఏడింటికి 62, ఎందుకంటే పెంచిన బేసల్‌ను వెనక్కి తిప్పడం మరిచిపోయాను.

పంపులో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఉండదు. ధార ఆగితే కొద్ది గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. ఆ రాత్రి నుంచి ఏ అంకె మార్చే ముందైనా నేను మొదట ప్లాస్టర్ పక్కన వేలు పెట్టి చూస్తాను: తడిగా ఉందా, ఇన్సులిన్ వాసన వస్తోందా, ఎర్రబడిందా, సెట్ పెట్టి ఎన్నో రోజు. తొలికిరణం గారూ, మీ 205లు సెట్ పాతబడిన మూడో రోజున పడుతున్నాయేమో ఒకసారి చూసుకున్నారా?

వెలుగుబాట

నేను మధుమేహ శిక్షకురాలిని. కొత్తవారికి "ముట్టుకోవద్దు" అని చెప్పేవారిలో నేనూ ఒకరిని. ఎందుకు చెబుతామో, ఎక్కడ ఆ మాట సరిపోదో రెండూ చెబుతాను.

పెంచడం, తగ్గించడం ఒకటి కావు. వరుసగా రాత్రుళ్లు 70 కిందికి దిగుతుంటే, మేము ఫోను ఎత్తకపోయినా, ఆ వేళ బేసల్‌ను పదో వంతు తగ్గించుకుని మర్నాడు చెప్పండి. అందుకోసం పంతొమ్మిది రోజులు ఆగడం ప్రమాదం. పెంచడానికి మాత్రం ముందు రుజువు కావాలి.

ఆ రుజువు ఎలాగంటే, రాత్రి భోజనం పెందలాడే ముగించండి. చివరి బోలస్ (భోజనానికో కరెక్షన్‌కో ఒక్కసారిగా వేసే డోసు) తరువాత నాలుగైదు గంటలు గడవనివ్వండి, అప్పటిదాకా కనిపించేది బేసల్ పని కాదు. ఆ పైన ఏమీ తినకుండా, కరెక్షన్ వేయకుండా తెల్లవారేదాకా చూడండి. 30కి మించి పెరగకపోతే, తరగకపోతే బేసల్ సరిగ్గానే ఉన్నట్టు. మధ్యలో 70 దిగినా 250 దాటినా పరీక్ష ఆపి వైద్యం చేసుకోండి. ఇలా ఒక రాత్రి చాలదు, మూడు రాత్రులు కావాలి. జ్వరం, నెలసరి, మామూలు కంటే ఎక్కువ శ్రమ ఉన్న రోజులను లెక్కలోకి తీసుకోవద్దు.

మీ 0.85 సంగతి. వేళే తప్పింది. పంపులో వాడేది త్వరగా పనిచేసే ఇన్సులినే అయినా, అది బలం పుంజుకోవడానికి గంట, గంటన్నర పడుతుంది. మూడున్నర, నాలుగు నుంచి పెరిగే షుగర్‌ను నాలుగింటికి తెరిచిన ధార పట్టుకోలేదు. అది పనిచేసే వేళకు మీరు లేచి అల్పాహారానికి బోలస్ వేసి ఉంటారు. రెండూ కలిసి తొమ్మిదింటికి షుగర్‌ను పడేస్తాయి. మార్పు రెండింటికే మొదలవ్వాలి. రెండోది, 0.65 నుంచి 0.85 అంటే ఒక్కసారిగా ముప్పై శాతం. మేము ఒక మెట్టుకు పది శాతం దాటం.

లెక్కలపంతులు

వేళ విషయంలో మీరు చెప్పిందే సరి. పరిమాణం దగ్గర ఒక మాట. పది శాతం అంటే పంపులో 0.05. నాలుగు గంటలకు 0.2 యూనిట్. యూనిట్‌కు 55 దిగుతుందంటే ఇది దించేది 11. ఆవిడకు పెరుగుతున్నది 75 పైన. మెట్టుకు మూడు రాత్రుల చొప్పున ఎక్కితే ఆ పంతొమ్మిది రోజులూ దాటిపోతాయి. 0.85 రెండింటికి మొదలైతే 0.8 యూనిట్, అంటే 44 దిగుతుంది. ఆవిడ ఎంచుకున్న అంకె అంత తప్పేమీ కాదు.

వెలుగుబాట

గమ్యం తప్పు కాకపోవచ్చు. అక్కడికి ఒక్క అంగలో చేరడమే నాకు భయం. వారంలో ఐదు రోజులే పెరుగుతోందని ఆవిడే రాశారు. మిగిలిన రెండు రోజుల సంగతి చూడండి మాస్టారూ. మూడింటికి 115 ఉండి, పెరగవలసింది పెరగకపోతే, మీ 44 తీసేస్తే 71. అది కూడా నిద్రలో. ముందు రోజు సాయంత్రం ఎక్కువ నడిచి ఉంటే ఇంకా కిందికి. నేను ఆ రెండు రోజులకు సరిపోయే మెట్టు వేస్తాను, ఐదు రోజులకు కాదు.

శాంతివనం

తగ్గించడానికి ఎవరినీ అడగనక్కరలేదన్న మాట నాకు పూర్తిగా నచ్చలేదు. రాత్రి రెండింటికి షుగర్ పడిపోయినంత మాత్రాన తప్పు బేసల్‌దే కానక్కరలేదు. పదింటికి వేసిన కరెక్షన్ ఎక్కువై ఉండవచ్చు. అప్పుడు బేసల్ తగ్గిస్తే కరెక్షన్ వేయని రాత్రి 220 అవుతుంది. దాన్ని చూసి మనిషి మళ్లీ ఎక్కువ కరెక్షన్ వేస్తాడు. ఆ చక్రంలో నేను ఆరు వారాలు తిరిగాను.

వెలుగుబాట

అలా జరుగుతుంది, నిజమే. అయినా 220ని మర్నాడు సరిచేయవచ్చు. లో షుగర్ దగ్గర మొదట ఆపాలి, కారణం తరువాత వెతకాలి.

ఆకాశదీపం

నా పంపు ఒంటికి పెట్టుకున్న షుగర్ సెన్సర్‌ను చూసి తానే ధారను పెంచుతుంది, తగ్గిస్తుంది. తెల్లవారుజాము బెడద నాకు దాదాపు పోయింది. తొలికిరణం గారి పంపులో ఆ సౌకర్యం ఉందా? ఉంటే మొదట అది తెరిపించుకోమని అడగండి. అయితే అన్నీ అదే చూసుకుంటుందని మాత్రం అనుకోవద్దు. భోజనం నిష్పత్తి ఇప్పటికీ నేనే పెట్టాలి. అది తప్పితే తిన్న తరువాత రెండు గంటలు యంత్రం వెనక పరుగెడుతూనే ఉంటుంది.

తొలికిరణం

అందరికీ కృతజ్ఞతలు. నా పంపులో ఆ సౌకర్యం లేదు, సెన్సర్ విడిగా పెట్టుకున్నాను.

అమృతవల్లి గారూ, మీరు అడిగాక వెనక్కి వెళ్లి చూశాను. ఐదు రోజుల్లో రెండు సెట్ మూడో రోజులే. మరొక రోజు రాత్రి పదిన్నరకు తిన్నాను. అంటే నేను "ఐదు రోజులు" అన్నది నిజానికి రెండే. సిగ్గనిపించలేదు కానీ భయమేసింది, ఆ రాత్రే మార్చేసి ఉంటే ఏమయ్యేదో అని. ఒక రాత్రి సెన్సర్ 58 అని అరిచింది కూడా, లేచి వేలు గుచ్చి చూస్తే 109. ఎడమ చేతి మీద సెన్సర్ ఉంది, ఆ పక్కకే తిరిగి పడుకున్నాను. ఒత్తిడి పడితే తక్కువ చూపిస్తుందట. దాన్ని నమ్మి బేసల్ తగ్గించి ఉంటే అదొక తప్పు.

మూడు రాత్రులు వెలుగుబాట గారు చెప్పినట్టు చేస్తాను. సెట్ మొదటి, రెండో రోజుల్లోనే.

తొలికిరణం (ఆరు రోజుల తరువాత)

పదకొండింటికి, మూడింటికి, ఆరింటికి వరుసగా: మొదటి రాత్రి 124, 118, 171. రెండో రాత్రి 119, 112, 168. మూడో రాత్రి 131, 122, 174. మూడు రాత్రులూ ఏడున్నరకే తిన్నాను. పెరుగుదల నిజమే, కానీ 75 కాదు, 50 పైచిలుకు.

ఈ అంకెలు కాగితం మీద రాసి, ఫొటో తీసి క్లినిక్‌కు పంపాను. సాయంత్రానికి డాక్టరు గారే ఫోను చేశారు. రెండు నుంచి ఆరు వరకు 0.70, మూడు రాత్రులు చూడాలి, తగ్గకపోతే 0.75, అంతకు మించి తనను అడగకుండా వద్దు. మూడింటికి 80 కంటే దిగితే వెంటనే పాత అంకె. ఈ హద్దుల్లో నన్నే మార్చుకోమన్నారు.

శాంతివనం

చాలా సంతోషం తల్లీ. చూశారా, ఫోను చేస్తే పలికారు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

లెక్కలపంతులు

ఆ మూడు రాత్రుల అంకెలు లేకుండా ఫోను చేసి ఉంటే ఏమనేవారు? "వచ్చినప్పుడు చూద్దాం" అనేవారు. తొలికిరణం గారూ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఆ ఫోను రాకపోయి ఉంటే ఏం చేసేవారు?

తొలికిరణం

0.70 పెట్టేదాన్నే మాస్టారూ. రెండింటి నుంచి. 0.85 మాత్రం పెట్టేదాన్ని కాదు.