చల్లటి లాగర్ బీరు అలవాటున్న మనిషికి పబ్‌లో ఏ కాస్క్ ఏల్ ఇప్పించాలి?

ఉండేది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో. గుంటూరు నుంచి వచ్చిన మా బావని శుక్రవారం సాయంత్రం మళ్లీ పబ్‌కి తీసుకెళ్తున్నాను. సమస్యల్లా బీరుతోనే. ఇక్కడ పీపాలోంచి హ్యాండ్ పంపుతో లాగి పోసే కాస్క్ ఏల్ అనే బీరు 11–13 డిగ్రీల దగ్గర ఇస్తారు, బయటి గ్యాస్ కలపరు. తనకేమో గ్లాసు మీద చెమట పడితేనే బీరు.

ముందు బిట్టర్ (కాస్త చేదుగా ఉండే ఏల్) ఇప్పించాను. ఒక గుక్క తాగి, గ్లాసు లైటు వైపు ఎత్తి చూసి, "ఏంట్రా ఇది, రాత్రి మూత తీసి పెట్టేశారా?" అన్నాడు. నల్లటి పోర్టర్ బీరు ఇస్తే మాడిన కాఫీ అన్నాడు. గోల్డెన్ ఏల్ కాస్త నయం, హాఫ్ పైంట్ ఖాళీ చేశాడు గానీ ఇంకోటి వద్దన్నాడు. లాగరే ఇప్పిస్తే గొడవ లేదు, కానీ అది గుంటూరులోనూ దొరుకుతుంది కదా!

తిండితో ఇబ్బంది లేదు. బీఫ్ తినడు కాబట్టి స్టీక్ అండ్ ఏల్ పై వద్దనుకున్నాం. బీరు కలిపిన పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప, లావు చిప్స్, పైన మాల్ట్ వెనిగర్ తెగ నచ్చాయి. (మషీ పీస్, అంటే ఉడికించి మెదిపిన బఠాణీల్లోకి మాత్రం ఆవకాయ కావాలట.) కిచెన్ తొమ్మిదికి మూసేస్తారు, అందుకని ఏడింటికే కూర్చుంటాం. అడిగితే బార్‌లో చిన్న గ్లాసులో రుచి చూడనిస్తారు గానీ, శుక్రవారం రద్దీలో నాలుగైదు రకాలు అడగాలంటే మొహమాటం.

చేదు తక్కువగా ఉండి, ఆ చేపకి జోడీ కుదిరేలా ఏ రకం కాస్క్ ఏల్ అడగమంటారు?