అష్టావధానం ఒకేసారి పలు పనులు చేయడానికి ఉదాహరణేనా?

సాహితీప్రియ:
అష్టావధానంలో ఒక్కరే ఎనిమిదిమంది పృచ్ఛకులకు (ప్రశ్నలు అడిగేవారికి) బదులిస్తూ పద్యాలు చెబుతున్నప్పుడు, పాఠం చదువుతూ మధ్యమధ్య ఫోన్ చూసుకునే విద్యార్థిని మందలించడం న్యాయమేనా? ఒకేసారి పలు పనులు చక్కబెట్టడం మన సంప్రదాయంలో ఉన్న నేర్పేనని, దానిని పిల్లలకు అలవాటు చేయాలని నా అభిప్రాయం.

గణితం మాస్టారు:
సాహితీప్రియ గారూ, ఆ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. అవధాని సమస్య (పూరించవలసిన పద్యపాదం) ఇచ్చినవారికి ఒక పాదం చెప్పి, దత్తపది (పద్యంలో ఇమడ్చవలసిన పదాలు) ఇచ్చినవారి వైపు తిరిగి అక్కడొక పాదం చెప్పి, ఇలా వరుసగా నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తిచేసి, చివర ధారణలో అన్నిటినీ అప్పజెబుతారు. నిషేధాక్షరి చూడండి. అవధాని ఒక అక్షరం పలకగానే, తరువాత రాబోయేది ఏదో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అర్థమూ ఛందస్సూ చెడకుండా మరో అక్షరం వెదికే ఆ కాసేపు అవధాని మనసులో ఆ పద్యం తప్ప మరేదీ ఉండదు. అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని మాటలతో అడ్డు తగిలినా చమత్కారంగా బదులిచ్చి, వదిలిన చోటికే తిరిగి వస్తారు. ఫోన్ చూసి వచ్చిన విద్యార్థి చదివిన పేరానే మళ్లీ మొదటినుంచి చదవవలసి వస్తోంది.

సాహితీప్రియ:
మరి ఘంటాగణనం మాటేమిటి? పద్యం నడుస్తుండగానే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి కదా.

గణితం మాస్టారు:
నిజమే, అది వరుసలో ఇమడదు. అయితే యతిప్రాసలు ఏళ్ల తరబడి సాధనతో నాలుకపైకి వచ్చినవారికే ఆ వెసులుబాటు దొరుకుతుంది. సమాకలనం (ఇంటిగ్రేషన్) అప్పుడే మొదలుపెట్టిన ఇంటర్ విద్యార్థికి ప్రతి మెట్టూ కొత్తదే. అతని దగ్గర గంటలు లెక్కపెట్టేంత మనసు మిగలదు.

ఇంటర్ విద్యార్థి తల్లి:
ఫోన్ పక్కన ఉంటేనే బుర్ర చెదురుతుందా అనేది కూడా తేలవలసి ఉంది. 2017లో వెలువడిన టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనంలో, ఫోన్‌ను వేరే గదిలో పెట్టినవారు బల్ల మీద ఉంచుకున్నవారికంటే పరీక్షలు మెరుగ్గా చేశారు. తరువాత ఇతరులు చేసిన కొన్ని ప్రయోగాలలో ఆ తేడా కనిపించలేదు. అందుకే ఫోన్ లాక్కోవడం ఒక్కటే మార్గమని నేను ఒప్పుకోలేను. పైగా మా అబ్బాయికి పాఠాలు వచ్చేదే ఫోన్‌లో.

గణితం మాస్టారు:
అమ్మా, లాక్కోమని నేనూ అనను. పాఠం వీడియోను ముందే దించుకుని, డేటా ఆపి చూడమనండి. మధ్యలో వచ్చిన సందేహాలను నోట్సు అంచున రాసుకుని, పాఠం అయ్యాక అన్నీ కలిపి అధ్యాపకులకు పంపమనండి. ఇంకేదైనా గుర్తొచ్చినా అదే అంచున ఒక్క మాట రాసి, ఆగిన లెక్క దగ్గరికి రమ్మనండి. అవధానం నుంచి మన పిల్లలు ముందుగా నేర్చుకోవలసినది ఆ తిరిగి రావడమేనని నా గట్టి నమ్మకం.